వార్షిక నివేదిక 2025–26: పిల్లల లైబ్రరీకి అంతరిక్షం పుస్తకం కొన్న వైనం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ చుట్టించాం. మూడో వీధి డ్రైనేజీ పని సగంలోనే ఉంది. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. వీటి లెక్కలు కోశాధికారి చదువుతారు. నివేదికలో మిగతా చోటంతా ఒక పిల్లల పుస్తకానికి ఇస్తున్నందుకు ఎవరూ కినుక వహించొద్దు. కిందటి సర్వసభ్య సమావేశంలో అన్నిటికంటే ఎక్కువసేపు వాదించుకున్నది దాని గురించే కదా.

కొత్త సభ్యుల కోసం సంగతి చెప్తాను. అంతకుముందు ఏడాది అంతరిక్షం మీద ఒక బొమ్మల పుస్తకం కొన్నాం. కొన్నది నేనే. అట్ట మెరుస్తోంది, సగం ధరకు వస్తోంది, ఇంకేమీ చూడలేదు. తెచ్చిన వారానికే ఐదో తరగతి పాప ఒకతె రాకెట్ బొమ్మ మీద వేలు పెట్టి, "తాతా, ఇది తప్పు. రాకెట్ ఇట్టా నిట్టనిలువునా పోదు, సముద్రం మీదికి వంగతాది" అంది. బొమ్మలో రాకెట్ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా చంద్రుడి దాకా పోయింది. సూళ్లూరుపేటలో పుట్టి, శ్రీహరికోటలోని షార్ ప్రయోగ కేంద్రం నుంచి లేచే రాకెట్లను మేడమీద నిలబడి చూసే పిల్లలకు నేను అంటగట్టిన పుస్తకం అది! ఆ తర్వాత తిరగేస్తే గ్రహాలు తొమ్మిది ఉన్నాయి. ప్లూటోను 2006లోనే మరుగుజ్జు గ్రహాల్లో చేర్చేశారు. అచ్చయిన సంవత్సరం కోసం వెతికితే ఎక్కడా లేదు.

అందుకని ఈసారి ముగ్గురు పెద్దలం, ఆరుగురు పిల్లలు కలిసి కూర్చున్నాం. షార్‌లో పనిచేసి రిటైరైన సభ్యుడొకరు పెద్దదిక్కు. నాలుగు పుస్తకాలు చూడ్డానికి తెప్పించాం. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: పిల్లలు తమ కళ్లతో చూసిన విషయం దగ్గర పుస్తకం ఏం చెప్తోందో ముందు చూడండి, చూడని నీహారికల సంగతి తర్వాత.

నవంబర్ 2న సాయంత్రం 5:26కి ఎల్‌వీఎం3 రాకెట్ 4,410 కిలోల సీఎంఎస్-03 ఉపగ్రహాన్ని తీసుకుని లేచింది. ఆదివారం కాబట్టి పిల్లలంతా మేడమీదే ఉన్నారు. మంట కనిపించగానే ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టారు. అరవై దాటాక గానీ ఉరుము మనదాకా రాలేదు, కిటికీ అద్దాలు గలగలలాడలేదు. ప్రయోగ వేదిక మనకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, శబ్దం సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది. మర్నాడు అదే లెక్కతో పుస్తకాల ముందు కూర్చున్నారు. ఒకదాంట్లో రెండు గ్రహశకలాలు గుద్దుకుంటుంటే పక్కన "ధడేల్" అని పెద్ద అక్షరాలు. గాలి లేనిచోట శబ్దం ఎలా వినిపిస్తుంది అని పిల్లలే దాన్ని పక్కన పెట్టేశారు. ఇంకొకటి మళ్లీ నిట్టనిలువు రాకెట్టే. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతూ మన దగ్గర సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఊరికే ఇస్తుందని, ఇలాంటి ఉపగ్రహాలను తూర్పుకు వంచి పంపేది అందుకేనని, కింద సముద్రం ఉండటం క్షేమం కూడానని మా పెద్దాయన చెప్పారు. చంద్రయాన్-3 ఒక్క ఊపున వెళ్లలేదు. 2023 జూలై 14న లేచి, భూమి చుట్టూ కక్ష్యను పెంచుకుంటూ పోయి, చంద్రుడి మీద దిగేసరికి ఆగస్టు 23 అయింది. ఆ మెలికల దారిని బొమ్మగా వేసిన పుస్తకం నాలుగింటిలో ఒక్కటే.

బొమ్మలతో ఇంకో చిక్కు కొలతలు. పేజీలో భూమి, చంద్రుడు పక్కపక్కన ఆనుకుని ఉంటే పిల్లలు అంతే దూరం అనుకుంటారు. దీన్ని తేల్చడానికి మా ఇంటి పోపులపెట్టె తెచ్చాను. అయిదు మిల్లీమీటర్ల మిరియపు గింజ భూమి అనుకుంటే చంద్రుడు ఆవగింజ. రెంటికీ మధ్య జామెట్రీ బాక్సులోని స్కేలంత, పదిహేను సెంటీమీటర్లు. సూర్యుడు అర మీటరు పైచిలుకు బంతి, పెట్టాల్సింది దాదాపు అరవై మీటర్ల అవతల. గింజ గేటు దగ్గర పెట్టి పిల్లలు నడిస్తే ఓవర్‌హెడ్ ట్యాంకు దాటారు. ఇదంతా పుస్తకంలో పట్టదు, పట్టాలని మేం అడగలేదు. "ఈ బొమ్మ కొలత ప్రకారం వేసింది కాదు" అని ఒక ముక్క రాస్తే చాలన్నాం. రాసినవి రెండే. ఏది ఫొటో, ఏది గీసిన బొమ్మ అన్నది కూడా అవే చెప్పాయి.

భాష దగ్గర మాత్రం తెగలేదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు పుస్తకం ఎందుకని కొందరు అన్నారు. తెలుగు పుస్తకంలో కొన్ని మాటలు పాఠ్యపుస్తకం కంటే బరువుగా ఉన్నమాట నిజమే. కానీ పాలపుంత, తోకచుక్క, వేగుచుక్క అనే మాటలు ఇంట్లో అమ్మమ్మతో కలిసి చదవడానికి పనికొస్తాయి. అమ్మమ్మకు కృత్తికలు పిల్లలకోడిగా తెలుసు, మనవడికి ఇంగ్లిష్ పేరుతో తెలుసు. చివరికి తెలుగుది ఒకటి, ఇంగ్లిష్‌ది ఒకటి కొన్నాం. అనుకున్నదానికంటే ఖర్చు పెరిగింది, ఆ తేడా నేను పెట్టుకున్నాను. నిరుటి పుస్తకానికి అది జరిమానా అనుకోండి.

పాత పుస్తకాన్ని పారేయలేదు. తప్పు కనబడ్డచోటల్లా పిల్లలు కాగితం ముక్క అంటించి సరైనది రాస్తున్నారు. ఇప్పటికి పదకొండు చీటీలయ్యాయి. అందులో ఒకటి పెద్దాయన కొట్టేయించారు, ఎందుకంటే అక్కడ పుస్తకమే కరెక్టు.

కొత్త తెలుగు పుస్తకం సంక్రాంతి ముందు నుంచి రెండో వీధిలో ఎవరింట్లోనో ఉంది. రిజిస్టర్‌లో సంతకం లేదు. తీసుకున్నవారు ఆదివారంలోగా లైబ్రరీ బల్ల మీద పెట్టగలరు.

కార్యదర్శి