కొండ వాలుకూ ఏటి ఒడ్డుకూ ఒక రక్షక దళం కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వానాకాలం వచ్చిందంటే విజయవాడలో మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం కొండల వాలున కాపురముండే వాళ్లకు చినుకు గట్టిగా పడిన ప్రతి రాత్రీ జాగరణే. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాలలో మూలా నక్షత్రం రోజున, ముఖ్యమంత్రి దర్శనానికి రాబోతున్న సమయంలోనే ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో బండరాళ్లు ఇళ్లమీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచెత్తడంతో, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద రావడంతో ఊరి చూపంతా నీటివైపు మళ్లింది. కొండ సంగతి మరుగున పడింది.

ఆపద వచ్చినప్పుడు మొదటి అరగంటలో అక్కడ ఉండేది ఎవరన్నదే నా ప్రశ్న. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉండటం ఈ ఊరి అదృష్టమే. కానీ కబురు అంది, బండి కదిలి, ఇరుకు సందుల్లోంచి కొండ మొదలుకు చేరేలోపు రాళ్ల కింద చేతులు పెట్టేది పక్కింటివాళ్లే. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయిన నాడు కూడా, బతికినవారిలో కొందరిని ముందుగా ఒడ్డుకు చేర్చింది ఆ చుట్టుపక్కల జాలర్లే. వాళ్ల చేతిలో ఉన్నది వలలు లాగే మోకు, మనసులో ఉన్నది తెగింపు. అంతకుమించి మనం వాళ్లకు ఇచ్చింది ఏమీ లేదు.

మా అమ్మాయి కొన్నాళ్లు ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసినప్పుడు, దక్షిణ తీరంలో సముద్రంలోకి నిలువుగా దిగే సుద్దరాతి కొండలు చూడటానికి వెళ్లి, అనుకోకుండా అక్కడి స్వచ్ఛంద రక్షక బృందం సాధన చేయడం ఒక సాయంత్రమంతా చూశాను. వాళ్లు అక్కడి కోస్ట్‌గార్డ్ కింద పనిచేసే మామూలు మనుషులు; పగలు ఎవరి ఉద్యోగం, ఎవరి దుకాణం వాళ్లది. దేశమంతటా ఇలాంటివారు దాదాపు 3,500 మంది ఉన్నారని తరువాత తెలిసింది. అంచుకు బాగా ఎడంగా నేలలో ఇనుప మేకులు వరుసగా దిగగొట్టి, వాటి నుంచి రెండు తాళ్లు తీశారు: ఒకటి బరువు మోసేది, రెండోది మొదటిది తెగితే ఆదుకునేది. తాడు రాతికి ఒరుసుకోకుండా అంచున అడ్డు పెట్టారు. ఒకరు దిగుతుంటే మరొకరు అంచు దగ్గరే ఉండి, దిగేవారి మాటను వెనక తాడు పట్టిన వాళ్లకు అందించారు. బాధితుడికి సరిగ్గా నెత్తిన కాకుండా కాస్త పక్కగా దిగడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తన కాలు తగిలి రాలే రాయి కిందనున్న మనిషి మీద పడకూడదన్నది అందులోని జాగ్రత్త. మన దగ్గర బండ జారితే వీధి వీధంతా ఆ వాలు మీదికే ఎక్కి నిలబడుతుంది. ఎక్కేవారిది మంచి మనసే, సందేహం లేదు. అయితే వదులైన నేల మీద ఆ బరువు, కింద చిక్కుకున్నవారికి రెండో గండం.

తీరం వేరు, మన కొండ వేరు అనవచ్చు. మనకు సూర్యలంకలో ఉన్నది చదునైన ఇసుక తీరం. సముద్రాన్ని ఆనుకున్న కొండలు కావాలంటే విశాఖకు పోవాలి. నిజమే, కానీ తాడుతో మనిషిని దించడం, మోసుకురావడం ఎక్కడైనా ఒకటే విద్య. దాని అవసరం ప్రమాదాల నాడే కాదు, మామూలు రోజుల్లోనూ ఉంది. మా ఇంటికి పైన నలభై మెట్ల ఎత్తులో ఉండే పెద్దాయనకు రెండేళ్ల క్రితం గుండెనొప్పి వస్తే, 108 బండి కింద రోడ్డు దగ్గరే ఆగిపోయింది. నలుగురు కుర్రాళ్లు ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో నడుముకు కట్టి, వానకు పాచి పట్టిన మెట్ల మీదుగా దించారు. ఆయన బతికారు. మధ్యలో కుర్చీ కాలు విరిగిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ఏటి దగ్గరి కథ ఇంకా విచిత్రం. ఎవరైనా మునిగితే పోలీసులు ఫోన్ చేసేది గజఈతగాళ్లకే. వాళ్లు ఆనాటి వేట మానుకుని వస్తారు, గంటల తరబడి నీళ్లలో వెతుకుతారు, చీకటి పడ్డాక తడిబట్టలతో ఇంటికి పోతారు. కొందరికి చేతిలో ఏదో పెడతారు, కొందరికి అదీ లేదు. నాకు తెలిసిన ఒకాయనను ఒక స్టేషన్‌లో వాంగ్మూలం కోసమని మూడుసార్లు తిప్పారు. ఆ మూడు రోజుల కూలీ ఎవరిస్తారని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోడ్డు ప్రమాదంలో క్షతగాత్రుణ్ణి ఆదుకున్నవారిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో సవరణ తెచ్చారు. ఏట్లో దూకినవాడికీ, బండ ఎత్తినవాడికీ ఆ సవరణ వర్తించదు. ఇంగ్లండ్‌లో నేను చూసినవారు స్వచ్ఛంద సేవకులే అయినా, పిలుపు మీద వెళ్లిన గంటలకు పారితోషికం అడిగే వీలు వారికి ఉంది. సేవ అన్న మాట చెప్పి పేదవాడి పూట కూలీని మింగడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కొత్త చట్టాలేవీ రానక్కరలేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. ప్రజల నుంచి ఎంచుకున్నవారికి పన్నెండు రోజుల శిక్షణ, అత్యవసర సామగ్రి, బీమా ఇచ్చే ‘ఆపద మిత్ర’ పథకం కేంద్రం 2016 నుంచే నడుపుతోంది. తరువాత దాన్ని 350 జిల్లాలకు, లక్ష మంది స్వచ్ఛంద సేవకులకు విస్తరించారు. ఆ నమూనాలోనే ఈ ఊరికి తగిన దళం కట్టవచ్చు: కొండవాడల కుర్రాళ్లు సగం, ఘాట్ల దగ్గరి జాలర్లు సగం, వారికి అగ్నిమాపక కేంద్రంలో ఒక గది, వారానికో సాయంత్రం సాధన. నీట మునిగేవాడికి ముందు కర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి, పడవ ఉంటే పడవ వేయాలి, ఈదుకుంటూ వెళ్లడం ఆఖరిది అన్న వరుస ఈత వచ్చినవారికి కూడా నేర్పవలసిందే. మునిగేవాడు మెడ పట్టుకుంటే గజఈతగాడైనా తేలడం కష్టం.

శిక్షణ చాలని జనాన్ని ప్రమాదంలోకి తోస్తున్నామని కొందరు అధికారులు అభ్యంతరం చెప్పవచ్చు. ఇప్పుడు దిగుతున్నవారికి ఏ శిక్షణ ఉందని దిగుతున్నారు? పైగా దళం అంటూ ఉంటే దానికొక నాయకుడుంటాడు, ‘ఇప్పుడు దిగవద్దు’ అని చెప్పే అధికారం అతనికి ఉంటుంది. గుంపులో ఆ మాట చెప్పేవాడే ఉండడు, చెప్పినా వినేవాడు ఉండడు.

2016 కృష్ణా పుష్కరాలకు ఘాట్లలో గజఈతగాళ్లను నిలబెట్టారు. పన్నెండు రోజులయ్యాక ఎవరి దారి వారిది. మళ్లీ పుష్కరాలు 2028లో. అప్పటికప్పుడు జాబితాలు రాసుకునే బదులు, ఈ వానాకాలంలోనే ఒక్క కొండకూ ఒక్క ఘాట్‌కూ దళం మొదలుపెట్టమని జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నాకు అరవై ఎనిమిదేళ్లు, తాడు పట్టలేను. ఆనాడు కుర్చీ మోసిన నలుగురూ ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు, నలుగురూ సరేనన్నారు. వాళ్ల పేర్లు రాసి ఇవ్వడానికి ఏ కార్యాలయంలో ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో ఎవరైనా చెబితే రేపే వెళతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మొగల్రాజపురం, విజయవాడ.