దండెం మీద తడి దుప్పటి

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్ననే అందింది. "ఫిజిక్స్ లెక్కల్లో ఒక్కటిగా ఉన్న బలాన్ని రెండు ముక్కలు చేయడం ఎందుకు? బాబాయిని అడుగు" అని అమ్మాయి పట్టుబట్టిందన్నావు. ఎంత మంచి ప్రశ్నరా! దానికి జవాబు మొన్న ఆదివారం మా డాబా మీదే దొరికింది.

దండెం కుంగి బట్టల అంచులు నేలకు తగులుతున్నాయని అమ్మ అంటే, నైలాన్ తాడును నా బలం కొద్దీ బిగించి రెండు గోడల మేకులకు కట్టాను. తడి దుప్పటిని మడిచి నడిమధ్య వేశామో లేదో, కుడివైపు మేకు సున్నం పెళ్లలతో సహా ఊడి వచ్చింది. తాడు తెగలేదు. మేకు కిందికి వంగనూ లేదు. అడ్డంగా, దుప్పటి వైపుకు దూసుకొచ్చింది. అసలు సంగతంతా ఆ 'అడ్డంగా'లోనే ఉంది.

దుప్పటి వేలాడే చోట మూడు బలాలు కలుస్తాయి: కిందికి దాని బరువు, రెండు పక్కలకు ఏటవాలుగా తాడు తన్యతలు, అంటే బిగుసుకున్న తాడు లాగే బలాలు. అది కదలకుండా ఉందంటే మూడూ కలిసి సున్నా కావాలి. కానీ తలో దిక్కుకు లాగే వాటిని మామూలు అంకెల్లా కూడలేం కదా! అందుకే ఒక్కో తన్యతను నిలువు అంశంగా, అడ్డం అంశంగా విడదీస్తాం. అడ్డం అంశాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బరువు మోయడంలో వాటికి పాలే లేదు. మోసేవి నిలువు అంశాలే. చిక్కు లెక్క ఒకటి పోయి, ఒకదాని జోలికి ఒకటి రాని తేలిక లెక్కలు రెండు వచ్చాయి. అమ్మాయికి చెప్పాల్సింది ఇదే.

దుప్పటి 4 కిలోలనుకో. ఒక్కో వైపు నిలువుగా 2 కిలోల బరువు మోయాలి. నిలువు అంశం అంటే తన్యతను, తాడు అడ్డగీతతో చేసే కోణం సైన్‌తో గుణించగా వచ్చేది. కోణం తగ్గే కొద్దీ సైన్ సున్నాకు దగ్గరవుతుంది. తాడు 30 డిగ్రీలు వాలి ఉంటే తన్యత 4 కిలోల బరువంత. 5 డిగ్రీలే వాలితే దాదాపు 23 కిలోలు. 1 డిగ్రీకి బిగిస్తే దాదాపు 115 కిలోలు! అందులో అడ్డం అంశమే దాదాపు అంతా. మేకు ఊడక ఏం చేస్తుంది చెప్పు? తాడును తిన్నగా, సున్నా డిగ్రీలకు బిగించడం ఎవరి తరమూ కాదు; సైన్ సున్నా అయితే ఎంత తన్యతైనా బరువును ఎత్తలేదు. స్తంభాల మధ్య కరెంటు తీగలను కొంచెం వేలాడేలా కట్టేదీ ఇందుకే. చలికి తీగ కుంచించుకుని బిగుస్తుంది కాబట్టి ఆ వాలు మరీ అవసరం.

వాలుతలం లెక్కల్లో సైన్ ఎక్కడ, కాస్ ఎక్కడ అని తికమకపడుతోందన్నావు. కోణాన్ని సున్నా చేసి చూడమను. చదునైన బల్ల మీద వస్తువు జారదు, సున్నా కోణానికి సున్నా అయ్యేది సైనే, కాబట్టి వాలు వెంట లాగేది సైన్ ఉన్న అంశమే. 1586లో సైమన్ స్టెవిన్ అనే ఫ్లెమిష్ గణితవేత్త అయితే సైన్ ఊసే లేకుండా తేల్చాడు. ఒక త్రికోణపు దిమ్మె చుట్టూ 14 గుండ్ల దండ వేసినట్టు ఊహించాడు. పొడుగు వాలు మీద నాలుగు గుండ్లు, అందులో సగం పొడుగున్న వాలు మీద రెండు; మిగతా ఎనిమిదీ కింద రెండు వైపులా సమానంగా వేలాడుతాయి. దండ తనంతట తాను ఎప్పటికీ తిరుగుతూ ఉండదు కదా, అంటే ఆ నాలుగూ ఈ రెండూ సరితూగినట్టే! ఆ బొమ్మ చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సంక్రాంతికి అందరూ రండి. దండెం ఈసారి వదులుగా కట్టాను. స్ప్రింగు త్రాసు ఒకటి వెంట తెండి. తాడుకూ మేకుకూ మధ్య తగిలించి, బిగిస్తున్న కొద్దీ ముల్లు ఎక్కడికి పోతుందో అమ్మాయినే చూడనిద్దాం.

ఉంటానురా.