నా చేతులు చూసి దారి చెప్పిన సుబేదార్ సార్‌కి, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారం. ఎల్లుండి రాత్రి రైలుకి బయల్దేరుతున్నాను. ఆర్మీలో అగ్నివీర్ టెక్నికల్‌లో, అంటే సాంకేతిక పనుల కేటగిరీలో సెలెక్ట్ అయ్యాను, ట్రైనింగ్ సెంటర్‌లో రిపోర్టు చేయమని కాగితం కూడా చేతికొచ్చింది. పొద్దుటినుంచి పెట్టె సర్దుతున్నాను కానీ మనసు దాని మీద లేదు, వెళ్లేలోపు ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరి పేర్లూ రాయడం లేదు, ఎందుకంటే చేసిన సాయం పదిమందికి తెలియాలని వాళ్లెవరూ చేయలేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకే తెలుస్తుంది.

మాది గుంటూరు, ఏటుకూరు రోడ్డు. నాన్నకి మోటారు వైండింగ్ షాపు ఉంది, ఒక్క షట్టర్, ఒక బల్ల, అంతే. అమ్మ సీజన్‌లో కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నేను పది అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ రెండేళ్లు చేశాను, మిగతా టైమంతా షాపులోనే. చిన్నప్పటినుంచి మిలిటరీ అంటే ఇష్టం, అందులో ఏ పని అంటే మాత్రం 2025 ఫిబ్రవరి దాకా నేను ఆలోచించనే లేదు. తుపాకీ పట్టుకుంటేనే సైనికుడు అనుకున్నాను. నాతో పరిగెత్తే వాళ్లంతా జీడీ అంటే జనరల్ డ్యూటీకే పెడుతున్నారు, నేనూ అదే పెట్టేద్దామనుకున్నాను.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం నాన్న బేరింగులు తేవడానికి వెళ్లినప్పుడు, ఒక పెద్దాయన స్కూటర్ ముందు కాలిపోయిన మోనోబ్లాక్ మోటారు పెట్టుకుని వచ్చారు. నేను చెక్క అచ్చు మీద తీగ చుడుతూ ఉన్నాను. కూర్చోండి సార్ అన్నాను కానీ చేయి ఆపలేదు. ఆయన గోడకి అంటించుకున్న నా పరుగు టైముల కాగితం చూసి ఇవెవరివి అని అడిగారు. నావే సార్, ఆర్మీకి అన్నాను. ఏ కేటగిరీ అన్నారు. జీడీ అన్నాను. ఎందుకు అన్నారు. అందరూ అదే పెడుతున్నారు సార్ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పటికి ఎన్ని చుట్లు అయ్యాయి?" అన్నారు. నలభై మూడు సార్ అన్నాను. "నాతో ఇంతసేపు మాట్లాడుతూ లెక్క తప్పలేదే" అని లేచి దగ్గరికి వచ్చి, నా చేతులు తిప్పి తిప్పి చూశారు. వేళ్ల మీద వార్నిష్ మరకలు, చూపుడువేలికి తీగ కోసుకుపోయిన గీత. "ఈ చేతులతో ఏం చేయొచ్చో ఆర్మీలో నేను 28 ఏళ్లు చూశానురా" అన్నారు.

ఆయన ఈఎంఈలో, అంటే సైన్యంలో ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్‌లో (విభాగంలో) పనిచేసి సుబేదార్‌గా రిటైరయ్యారు. 1943లో మొదలైన ఆ కోర్ పనంతా సైన్యంలో చెడిపోయిన ప్రతిదాన్నీ మళ్లీ నిలబెట్టడం, లారీ నుంచి రాడార్ దాకా. నాకు అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. ఆ రోజు ఆయన గంటన్నర కూర్చున్నారు, నాన్న వచ్చాక నాన్ననీ కూర్చోబెట్టారు. జీడీ తక్కువ, టెక్నికల్ ఎక్కువ అని ఒక్క మాట అనలేదు, ఇది అందరూ గమనించాలి. జీడీ వాడు కొండ మీద నిలబడితేనే మేమంతా కింద పని చేసుకోగలం అన్నారు. ఆయన అడిగింది ఒక్కటే: నీకు చేతనైంది ఏది, అది వాళ్లకి ఎక్కడ పనికొస్తుంది? మనం ఎంచుకోగలిగింది కేటగిరీ మాత్రమే, ఏ రెజిమెంట్, ఏ కోర్ అనేది ఖాళీలనీ మెరిట్‌నీ బట్టి వాళ్లే ఇస్తారు, ఈఎంఈయే వస్తుందని నేను మాట ఇవ్వలేను అని కూడా ముందే చెప్పారు. ఇంకో సంగతి నాన్నతో అన్నారు. సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం మందినే ఉంచుతారు. ఉంచుకుంటే సంతోషం, ఇంటికి పంపినా వీడి చేతిలో ఇంకా పెద్ద పని ఉండాలి కదండీ అన్నారు. నాన్న తలూపడం తప్ప ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి అదే మాట మూడుసార్లు చెప్పాడు.

ఐటీఐ వాళ్లకి టెక్నికల్ అర్హత ఉంటుందని మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లే కాదు, పదిలో 50 శాతం మార్కులు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సులో 40 చొప్పున ఉండి, రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు కూడా పెట్టొచ్చు. ఆ ఏడాదినుంచి ఒకరు రెండు కేటగిరీలకి అప్లై చేయొచ్చని కూడా సారే చూసి చెప్పారు, కాబట్టి టెక్నికల్ ముందు, జీడీ తర్వాత పెట్టాను. మీలో ఎవరైనా పెట్టబోతుంటే ఆ ఏడాది నోటిఫికేషన్ మొదటి పేజీ నుంచి చివరి దాకా మీరే చదవండి, ఎవరో చెప్పింది విని ఆగిపోవద్దు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అదే వారంలో ఒకతను షాపుకొచ్చి, రెండు లక్షలు ఇస్తే మీ అబ్బాయి పని నేను చూసుకుంటానని నాన్నతో అన్నాడు. నాన్న అమ్మ గాజులు తాకట్టు పెడదామని కూడా అనుకున్నాడు. ఆ రాత్రి సార్‌కి ఫోన్ చేస్తే ఆయన అప్పటికప్పుడు స్కూటరేసుకుని వచ్చారు. పరీక్ష కంప్యూటర్ మీద, పరుగు అందరి ముందు గ్రౌండులో, మెడికల్ ఆర్మీ డాక్టర్ల చేతిలో, ఇందులో వాడు చూసుకునేది ఏముంది, పాసైతే నా వల్లే అంటాడు, కాకపోతే కనపడడు అని అరగంట సేపు ఓపిగ్గా చెప్పారు. అమ్మ చేతికి గాజులు ఇవాళ్టికీ ఉన్నాయంటే అది సార్ పుణ్యమే.

టెక్నికల్ అనుకోవడం తేలికే, పరీక్ష తేలిక కాదు. 50 ప్రశ్నలు, 200 మార్కులు, జీకే, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఒకటి తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఫిజిక్స్ ఎలాగోలా నెట్టుకొస్తాను, కెమిస్ట్రీ పుస్తకం పదో తరగతితోనే మూసేశాను. ఆ టెన్షన్‌లో ఉండగా సార్ నన్ను బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు. మేడమ్, మీరు మొదటి రోజు పుస్తకం తీయలేదు. మీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మూత తీయించి, ఇందులో నువ్వు పోసే నీళ్లు ఎటుపోతున్నాయి, ప్లేట్లు సీసంవే ఎందుకు, ఆసిడ్ పలచనైతే కరెంటు ఎందుకు తగ్గుతుంది అని అడిగారు. నేను పదేళ్లుగా చేస్తున్న పనికి వెనక కెమిస్ట్రీ ఉందని ఆ సాయంత్రం తెలిసింది. మూడు నెలలు, వారానికి ఐదు రోజులు, ఒక్క రూపాయి తీసుకోలేదు, పైగా వెళ్లిన ప్రతిసారీ గ్లాసుడు మజ్జిగ. ఆసిడ్లు, క్షారాలు, ఎలక్ట్రాలసిస్ మీద వచ్చిన ప్రశ్నల్లో నేను ఒక్కటి కూడా వదల్లేదు మేడమ్.

పరుగు సంగతికొస్తే, రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి సైకిలేసుకుని బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం దగ్గరికి వెళ్లేవాణ్ని. అక్కడ పరుగు కాస్త అలవాటయ్యాక సార్ ఇన్నర్ రింగు రోడ్డు మీద తన స్కూటర్ మీటరు చూసుకుంటూ 1.6 కిలోమీటర్లు కొలిచి, రెండు చివర్లా సున్నంతో గీత గీశారు. మొదటిసారి 6 నిమిషాల 20 సెకన్లు పట్టింది. 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తేనే పూర్తి మార్కులొచ్చే మొదటి గ్రూపు. రోజూ మొత్తం దూరం ఒకే ఊపున పరిగెత్తొద్దు అని, వారంలో రెండు రోజులు 400 మీటర్లు గట్టిగా, మధ్యలో నడక, అలా నాలుగైదుసార్లు చేయించారు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. నాకు ఆ విశ్రాంతి రోజే కష్టంగా ఉండేది. మార్చి, ఏప్రిల్‌లో మిర్చి టిక్కీల (బస్తాల) లారీలు వెళ్తుంటే ఆ ఘాటుకి గొంతు పట్టేసేది, లారీ పోయేదాకా మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పరిగెత్తేవాళ్లం. జూన్ నాటికి 5 నిమిషాల 24కి వచ్చాను. ఆ బూట్లు అమ్మ కూలి డబ్బులతో కొన్నవి, అడుగు అరిగిపోయినా అటక మీద దాచిపెట్టాను.

బీమ్ మీద పులప్స్‌కి కనీసం ఆరు లాగాలి, పది లాగితే పూర్తి మార్కులు. షాపు ముందు ఇనప పైపుకి వేలాడేవాణ్ని, అరచేతులు బొబ్బలెక్కి పగిలిపోయాయి. ఆ చేతులతో తీగ చుడితే మంట. నాన్న ఒక్క మాట అడగలేదు, ఆ నెలంతా నా బల్ల దగ్గర తనే కూర్చుని రాత్రి పదకొండింటి దాకా నా వంతు కాయిల్స్ కూడా చుట్టాడు. ఆయనకి కళ్లజోడు ఉన్నా సన్న తీగ సరిగా కనపడదు. నాన్నా, నువ్వు ఇది చదవవు, అమ్మ చదివి వినిపిస్తుంది, అందుకే రాస్తున్నాను.

కాగితాల దగ్గర నాకు ఏడుపొక్కటే తక్కువ. పది మెమోలో నాన్న పేరు చివర ‘వర్లు’ అని ఉంది, ఆధార్‌లో ‘వరరావు’ అని ఉంది. ఒక సెంటర్లో మూడుసార్లు రేపు రమ్మన్నారు. మా వార్డు సచివాలయంలో అక్క ఆ సంగతి విని, మెమో మారదు తమ్ముడూ ఆధారే మార్చాలి అని, ఏ కాగితం జత చేయాలో తనే రాసిచ్చి, మధ్యాహ్నం భోజనం మానేసి నాతో వచ్చింది. కులం, నివాసం సర్టిఫికెట్లు, పెళ్లి కాలేదని ఇచ్చే సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్, అన్నీ వరసగా ఫైల్లో పెట్టి పైన చిట్టీ కూడా అంటించింది. రిక్రూట్‌మెంట్ ర్యాలీలో నా ముందున్న అబ్బాయి ఒక్క అక్షరం తేడాకి పక్కకి నిలబడిపోతే నాకు కాళ్లు వణికాయి అక్కా, నా ఫైలు తీసుకున్న ఆయన రెండు నిమిషాల్లో తిరిగిచ్చేశారు.

అప్లై చేసి పరీక్ష కోసం చూస్తున్న మే నెలలోనే, మన రాష్ట్రంనుంచే అగ్నివీర్‌గా వెళ్లిన మురళీ నాయక్ సరిహద్దులో అమరుడయ్యాడు. శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాలో ఆ తల్లిని టీవీలో చూసి మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వద్దని అనలేదు, వెళ్లమనీ అనలేదు. మూడో రోజు సార్ వాళ్ల భార్య మా ఇంటికి వచ్చారు. వంటింట్లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు, భయం లేదని మాత్రం ఆమె చెప్పలేదట, 28 ఏళ్లు ఆ భయంతో ఎలా బతికారో చెప్పారట. మర్నాడు నాలుగింటికి అమ్మే నన్ను లేపింది. ఆంటీ, నాకు అన్నిటికంటే పెద్ద సాయం అదే.

మిగతావాళ్లు కోప్పడొద్దు, చోటు లేక త్వరగా రాస్తున్నాను. కొత్తపేటలో చెవుల్లో గులిమి తీసి, ఫీజు వద్దు, సెలెక్ట్ అయ్యాక చెప్పు చాలు అన్న డాక్టర్ గారూ, చెప్తున్నాను, సెలెక్ట్ అయ్యానండీ. ర్యాలీలో, ఆర్మీ పరిస్థితులకి సర్దుకోగలమా అని చూసే అడాప్టబిలిటీ టెస్టుకి స్మార్ట్‌ఫోన్ ఉండాలంటే, నా ఫోన్‌కి చార్జింగ్ నిలవదని తన కొత్త ఫోన్‌లో డేటా వేయించి ఇచ్చి, రెండు రోజులు ఫోన్ లేకుండా ఉన్న నా ఫ్రెండూ, నువ్వు క్లర్క్‌కి పెడుతున్నావు కాబట్టి టైపింగ్ ఇప్పటినుంచే మొదలుపెట్టు, దానికీ ఇప్పుడు పరీక్ష ఉంది. నాతో రింగు రోడ్డు మీద పరిగెత్తి ఈసారి సెలెక్ట్ కాని ముగ్గురూ, సున్నం గీతలు చెరిగిపోయుంటే మళ్లీ గీసుకోండి, సార్ స్కూటర్ ఇస్తానన్నారు.

మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 9 వేలు సర్వీసు చివర ఇచ్చే సేవా నిధికి పోగా 21 వేలు చేతికొస్తాయి. మొదటి జీతంలో నాన్నకి కొత్త కళ్లజోడు.

సుబేదార్ సార్, పోయిన వారం మీ మోటారు తిరిగేటప్పుడు గరగర శబ్దం వస్తోందన్నారు. 6203 బేరింగులు రెండు తెచ్చి పెట్టాను. రేపు పొద్దున్నే ఏడింటికి నేనూ నాన్నా వస్తాం, నీళ్లు ముందే పట్టి ఉంచుకోండి, గంట సేపు మోటారు ఆపాలి. దయచేసి ఈసారి డబ్బులు తీయొద్దు.