కొవ్వొత్తి ఉద్యోగం

ఒరేయ్ సూరీ,

ముందు తిట్లన్నీ తిట్టెయ్. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇవాళ, రేపు అనుకుంటూనే గడిచిపోయింది. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. పాప మూడో క్లాసుకి వచ్చింది, నాకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు, పాత కారు అమ్మేశాం. అయిపోయాయి కబుర్లు. ఇప్పుడు అసలు సంగతి విను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఇది నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా ప్రయోజనం లేదు.

మొన్న ఆదివారం గెట్టీ సెంటర్‌కి వెళ్ళాం. లాస్ ఏంజలెస్‌లో కొండమీద ఉంటుంది ఆ మ్యూజియం. కింద కారు పెట్టి చిన్న ట్రామ్‌లో పైకి పోవాలి. "తిరుమల కొండ ఎక్కినట్టుంది, గుండొక్కటే తక్కువ" అంది మా ఆవిడ. తర్వాత నా తల వంక చూసి, "అదీ తక్కువ కాదులే" అంది.

ఆ రోజు పిల్లల కోసం ఫెస్టివల్ పెట్టారు. ఫ్రాన్స్ రాజుల కొలువు ఎలా ఉండేదో చూపించడానికి వేషాలు, డాన్సులు, విసనకర్రలు చేయించడం, ఒకటే హడావిడి. పద్నాలుగో లూయీ రాజు, మేరీ ఆంటొనెట్ రాణి ఒకే గొడుగు కింద నిలబడి నీళ్ళ బాటిల్ పంచుకుంటున్నారు. ఆయన పోయింది 1715లో, ఆవిడ పుట్టిందే 1755లో! మన పగటివేషాల వాళ్ళలో రాముడూ భీముడూ ఒకే బీడీ కాల్చినట్టు.

లోపల గదుల్లో సామాను సంగతి ఇంకోసారి రాస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. 1760 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని సెవ్ర్‌లో చేసిన పింగాణీ పాత్ర, అచ్చం తెరచాప ఓడలా ఉంది. అందులో ఎండిన పూలూ సుగంధాలూ వేస్తే మూత కన్నాల్లోంచి గది నిండా వాసన వచ్చేదట. ఓడ రూపంలో ఓడొనిల్ అన్నాను. ఎవరూ నవ్వలేదు. నువ్వుంటే నవ్వేవాడివి.

సరే, బయట చిన్న స్టేజీ. రాజుగారు పడుకునే తంతు చూపిస్తున్నారు. ఆయన కోట వెర్సాయ్‌లో నిద్రపోవడం కూడా కొలువేనట! లూయీ బట్టలు మార్చుకుంటుంటే దొరలంతా చుట్టూ నిలబడి చూసేవాళ్ళు. ఆయన అందరి వంకా ఓసారి చూసి ఒక పేరు పిలుస్తాడు. ఆ అదృష్టవంతుడు చేతి గ్లౌజు తీసి, ముందుకొచ్చి, కొవ్వొత్తి పట్టుకుని నిలబడాలి. అంతే. అదే పని. గదిలో అప్పటికే బోలెడన్ని దీపాలు వెలుగుతుంటాయి, వాడి వెలుగు ఎవడికీ అక్కర్లేదు. అయినా దానికోసం పెద్ద పెద్ద డ్యూకులు రోజూ కాచుకుని ఉండేవాళ్ళట.

ఇప్పుడు చెప్పరా. బెజవాడ హాస్టల్లో కరెంటు పోయిన ప్రతి రాత్రీ నువ్వు బకెట్ ముందు కూర్చుని బనీన్లు ఉతుక్కుంటుంటే కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డదెవడు? నాలుగేళ్ళు! మైనం చేతిమీద కారుతుంటే "కదలకురా, నీడ పడుతోంది" అన్నావు గానీ ఒక్కనాడైనా నాకో జాగీరు రాసిచ్చావా?

ఇలా లోలోపల ఏడుస్తుంటే రాజుగారి వేలు సరిగ్గా నా వైపే తిరిగింది. పాప వెనక నుంచి తోసింది. పైకెళ్ళాను. తీయడం కోసమని ముందు నాకో తెల్ల గ్లౌజు తొడిగారు. అది రాదే! లాగాను, మెలిపెట్టాను, చివరికి పళ్ళతో లాగాను. జనం పడీ పడీ నవ్వుతున్నారు. కొవ్వొత్తి చేతికొచ్చింది, బ్యాటరీది. వంగి దణ్ణం పెడుతుంటే బొటనవేలు స్విచ్ మీద పడి ఆరిపోయింది. నా నోట్లోంచి అదే వచ్చిందిరా, మన కారిడార్ కేక: "పోయిందొహో!"

జనంలోంచి ఓ ఆడగొంతు, స్వచ్ఛమైన తెలుగులో: "ఇక్కడ కూడానా!"

రాజుగారికి ఏమీ అర్థం కాలేదు. నేనూ ఆవిడా మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. బందరావిడ, ఇద్దరు పిల్లలతో వచ్చింది.

ఆ నవ్వులోనే ఇంకోటి జరిగింది. స్టేజీ దిగుతుంటే దాసీ వేషం వేసినావిడ గౌను నా చేతికి తగిలింది. నూలు గుడ్డ, ఎర్రపూలు, తీగలు. బాగుందన్నాను. దానికావిడ, ఇలాంటి ఇండియా అద్దకం గుడ్డల్ని ఫ్రాన్స్‌లో 1686లో నిషేధించారనీ, 1759 దాకా ఎత్తలేదనీ చెప్పింది. వాళ్ళ పట్టు, ఉన్ని నేతగాళ్ళు గోల పెట్టారట. ఉతికినా రంగు పోని గుడ్డ వస్తే వీళ్ళది ఎవడు కొంటాడు మరి! అయినా కొలువులో ఆడవాళ్ళు దొంగచాటుగా కట్టేవాళ్ళట. "మసూలీపటం" అంది, అంటే మన బందరే. నేను బందరావిడ వంక చూశాను. ఫ్రెంచివాళ్ళు 1669లోనే మన బందరులో గిడ్డంగి పెట్టారు కదా, ఆ గుడ్డలు...

నాకు మీ పెడన ఇల్లు గుర్తొచ్చింది సూరీ. పెరట్లో కరక్కాయ నీళ్ళ వాసన, కాలవలో ఉతికి గట్టుమీద పరిచిన గుడ్డలు, మీ తాతగారు గుడ్డమీద అచ్చు అద్దుతుంటే ఆ చప్పుడు. ఆయన అద్దిన దుప్పటిని మనం ట్రైన్‌లో కింద పరుచుకుని ఆవకాయ అన్నం తిన్నాం. నూనె మరక పడితే మీ నానమ్మ ఎంత బాధపడిందో, మనం నవ్వాం. ఎందుకు నవ్వామో ఇప్పుడు...

సర్లే. మీ తాతగారి టేకు అచ్చుల్లో ఆ చిలక అచ్చు ఇంకా ఉందా? అరిగిపోయినా ఫరవాలేదు. ఉంటే ఓ కాగితంమీద అద్ది పంపు. పాపకి చూపించాలి. పనిలో పనిగా మీ అన్నయ్య పొలం గొడవ ఏమైందో

అయ్యో, పాప డాన్స్ క్లాసు! పావుగంట లేటు. మా ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. మిగతాది తర్వాత.

నీ కొవ్వొత్తి దొర