మాట తప్పినవాడు మంత్రగాడెలా అయ్యాడు

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని తను ఒప్పుకోవడం లేదు, అంతే.

మొన్న ఫోన్‌లో నువ్వు "నాన్నా, మా వీడియో గేమ్‌ని తెలుగు చేస్తున్నాం, అందులో మంత్రాలేసే పాత్ర వార్లాక్‌కి తెలుగేంటి?" అనగానే ఆలోచించకుండా "మాంత్రికుడు" అనేశాను. ఆ మాట విజార్డ్‌కి వాడేశామన్నావు. సోర్సరర్‌కి మాయావి పెట్టేశారట, ఇక మిగిలింది చేతబడిగాడే అని మీ టీంలో ఒకాయన అంటున్నాడట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పాను కదా, ఆ మాట ఎక్కడ పుట్టిందో ఒక్కసారైనా చూడలేదేంటా అనిపించింది. రెండు రోజులు నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. ఇదంతా ఫోన్‌లో చెబితే మధ్యలోనే "సరే సరే" అంటావు. అందుకే ఉత్తరం.

అసలు తమాషా ఏంటంటే, మొదట్లో ఆ మాటకి మంత్రాలతో సంబంధమే లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో దాని రూపం 'వ్యార్‌లొగ'. 'వ్యార్' అంటే ఇచ్చిన మాట, ఒడంబడిక. మనం 'బాస చేశాడు' అంటామే, ఆ బాస. 'లొగ' అంటే దాన్ని అబద్ధం చేసేవాడు. అబద్ధమాడడానికి ఇప్పుడు వాడే 'లై' కూడా ఆ కుదురులోదే. రెండూ కలిస్తే బాస తప్పినవాడు. 'వ్యార్'కి లాటిన్‌లో 'వేరుస్' అనే చుట్టముంది, నిజమని అర్థం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి 'వెరీ' అయింది. అంటే పిల్లల నోటుబుక్కుల్లో 'వెరీ గుడ్' అని రాసినప్పుడల్లా నేను వార్లాక్ గారి దాయాదిని పలకరిస్తూనే ఉన్నానన్నమాట.

మాట తప్పడం మనకీ చిన్న తప్పేం కాదు. అలాంటివాణ్ణి గాడిద కొడుకని తిడితే, వీడా నా కొడుకని గాడిద ఏడ్చిందన్న చాటువు నీ చిన్నప్పుడు చెప్పాను గుర్తుందా? ఆ కాలపు ఇంగ్లండులో అది తిట్టుతో పోయేది కాదు. దొరకీ బంటుకీ మధ్య ఉండేది ప్రమాణమే. అది తప్పితే మనిషికి విలువే లేదు. దేవుడి మీద తిరగబడ్డ దేవదూతల్ని అప్పటి క్రైస్తవ పద్యాల్లో ఈ మాటతోనే తిట్టారు. సైతానుకీ అదే పేరు. తర్వాత రాక్షసులకీ, మనుషుల్ని తినేవాళ్లకీ కూడా తగిలించారు.

చివర 'క్' చేరిన రూపం స్కాట్లండు, ఇంగ్లండు ఉత్తరపు జిల్లాల మనుషుల నోట తయారైంది. అక్కడే 'సైతానుతో పొత్తు కలిసినవాడు' అనే అర్థం వచ్చింది. విచ్ అంటే మంత్రగత్తె. 16వ శతాబ్దానికి స్కాట్లండులో వార్లాక్ అంటే మగ విచ్. నిజానికి పాత ఇంగ్లీషులో 'విచ్' మాటకే మగ రూపం ఒకటుండేది, 'విచ్చ' అని. అది వాడుకలో చెరిగిపోయింది.

బాస తప్పినవాడు మంత్రగాడెందుకయ్యాడో నాకు మంత్రగత్తెనని ఒప్పుకున్న ఇసోబెల్ గౌడీ వాంగ్మూలం చదివాక తట్టింది. ఈవిడది ఆల్డెర్న్ అనే స్కాట్లండు ఊరు, సంవత్సరం 1662. ఒక చెయ్యి నడినెత్తిన, రెండోది అరికాలి కింద పెట్టుకుని, ఈ రెండు చేతుల మధ్య ఉన్నదంతా సైతానుకిచ్చేశానని చెప్పిందట. నువ్వొకసారి అలా వంగి చూడు, తెలుస్తుంది. మీ అమ్మ మోకాలికైతే సైతాను ఆశ వదులుకోవాల్సిందే. ఈ తంతులో అంతకంటే ముందు జరిగే పని ఒకటుంది, బాప్తిస్మంలో దేవుడికిచ్చిన మాటని కాదనడం. అంటే ఒక బాస తప్పి, ఇంకో బాస చెయ్యాలి. పాత మాట కొత్త మనిషికి అతుక్కున్నది ఇక్కడేనని నా ఊహ.

ఇంకో కథ కూడా వినిపిస్తుంది. గ్రీన్‌లాండ్‌లో సోది చెప్పే ఒకావిడ కోసం ఆత్మల్ని పిలుస్తూ పాడిన పాటని ఐస్లండు వాళ్ల పాతకథ (సాగా) ఒకదాంట్లో 'వర్ద్‌లొక్కుర్' అన్నారు, వార్లాక్ అందులోంచే వచ్చిందంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఆ మాట కనిపించేదే బహు అరుదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను.

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఒక బడిపంతులు కథ. 1590లో స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ కొత్త పెళ్లాంతో డెన్మార్క్ నుంచి వస్తుంటే సముద్రంలో తుఫాన్లు పట్టుకున్నాయి. ఎవరో ప్రయోగం చేశారని జనాన్ని పట్టుకోవడం మొదలెట్టారు. వాళ్లలో ఎడింబరో దగ్గర బడి నడిపే జాన్ ఫియన్ ఒకడు. మరుసటేడు అచ్చయిన కరపత్రంలో అతని మీద రాసింది చదివితే నవ్వొస్తుంది. ఒక పిల్ల మీద మనసుపడి, ఆ పిల్ల తమ్ముడు తన బళ్లోనే చదువుతుంటే, అక్క వెంట్రుకలు మూడు పట్రమ్మన్నాడట. తల్లి పసిగట్టి ఆవుపెయ్య వెంట్రుకలు మూడు కత్తిరించి పంపింది. పంతులు మంత్రం వేశాడు. పెయ్య గంతులేసుకుంటూ బళ్లోకొచ్చి, ఆయన చర్చికెళ్తే అక్కడికీ వెంటపడిందట!

ఆ నవ్వు మీదే తర్వాతి పేజీ చదవాలి. ఫియన్ తన మీద మోపిన నేరం ఒప్పుకుని, మళ్లీ కాదన్నాడు. రాజు ఎదుటే గోళ్లు పీకారు. కాళ్లకి 'బూట్లు' అనే యంత్రం బిగించి ఎముకలు నలగ్గొట్టారు. అయినా రెండోసారి ఒప్పుకోలేదు. 1591 జనవరిలో ఎడింబరోలో చంపి తగలబెట్టారు. పిల్లలకి అక్షరాలు నేర్పే మనిషి. నేను పుస్తకం మూసేసి కాసేపు వాకిట్లో తిరిగొచ్చాను.

స్కాట్లండులో మంత్రవిద్య నేరమంటూ 1563లో వచ్చిన చట్టం 1736లో పోయింది. ఆ మధ్యలో మంత్రగత్తెలనీ మంత్రగాళ్లనీ నేరం మోపిన వాళ్లలో పేర్లతో సహా దొరికినవాళ్లే 3,200 పైచిలుకు. వాళ్లలో నూటికి ఎనభై నాలుగు మంది ఆడవాళ్లే. 2022 మార్చి 8న అప్పటి స్కాట్లండు ప్రభుత్వాధినేత (ఫస్ట్ మినిస్టర్) నికోలా స్టర్జన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. 1736లో పాతదాని స్థానంలో వచ్చిన చట్టం ఇంకో తమాషా: నాకు మంత్రాలొచ్చని బుకాయించి జనాన్ని మోసం చెయ్యడమే నేరమంది.

చట్టం పోయిన యాభై ఏళ్లకి భయం పలచబడింది. 1791లో అచ్చయిన రాబర్ట్ బర్న్స్ పద్యంలో వార్లాక్‌లూ విచ్‌లూ పాడుబడ్డ చర్చిలో గంతులేస్తుంటే, సైతాను కూర్చుని బ్యాగ్‌పైప్ ఊదుతాడు. తాగొచ్చిన రైతు గుర్రం మీంచి చూస్తుంటాడు. అప్పటికే అది సరదా మాట. ఇప్పటి విక్కా అనే మంత్రవిద్య మతం వాళ్లు మాత్రం చాలామంది దీన్ని దగ్గరికి రానివ్వరు, ద్రోహి అన్నట్టే వినిపిస్తుందట. పాత అర్థం గుర్తుపెట్టుకుంది వాళ్లే, పాపం.

నీ ఆటల సంగతి నాకంటే నీకే తెలుసు. 2004లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకీ, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోకీ వార్లాక్ వచ్చాడని చదివాను. మొదటిదాంట్లో వాడికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో నువ్వే చెప్పావు, ఎవరో పెద్ద శక్తితో చేసుకున్న ఒప్పందంలోంచి. చూశావా? ఒప్పందం చెరిపేసేవాడి పేరు చివరికి ఒప్పందం మీద బతికేవాడికి వచ్చింది. మన 'ఛాందసుడు' వేదం చదివిన పండితుడిగా బయల్దేరి మొండివాడయ్యాడు, కంపు ఒకప్పుడు మంచి వాసన. కానీ ఇలా పూర్తిగా అటుది ఇటయిన మాట నాకింకోటి గుర్తురావట్లేదు.

ఇక మీ టీం ఆయన చెప్పిన చేతబడిగాడు. వద్దు తల్లీ. వార్లాక్‌తో స్కాట్లండు పిల్లలు ఆడుకుంటున్నారంటే, దానికి పళ్లూడిపోయి మూడొందల ఏళ్లు కావస్తోంది గనక. మన మాటకి ఇంకా పళ్లున్నాయి. బాణామతి చేశాడని ముసలాయన్ని చెట్టుకి కట్టేసి, మంత్రం నోట పలక్కుండా ఆయన పళ్లే పీకేసిన వార్తలు నీ చిన్నప్పుడు పేపర్లో నేనే దాచేసేవాణ్ణి. అలాంటి మాటని ఆటలో బటన్ మీద రాయకూడదని నాకనిపిస్తుంది.

'బాసగాడు' ఎలా ఉంటుందో చూడు. ఆటగాడు, మంత్రగాడు లాగే. బాస చేసినవాడూ అవుతాడు, ఆ బాస తప్పేవాడూ అవ్వొచ్చు. మొదట వింటే ఎవరికీ అర్థం కాదు, నిజమే. వార్లాక్ మాత్రం మొదట ఎవరికర్థమైంది? మీ లీడ్ ఒప్పుకోకపోతే వార్లాక్ అనే ఉంచేయండి, నాకేం కోపం లేదు.

బటన్‌లో ఎనిమిది అక్షరాలే పడతాయన్నావు కదా. ఇది నాలుగే.

ఇట్లు,
నాన్న