సాయం బల్ల అడ్డా దగ్గరే వేయండి

సంపాదకులకు,

గుంటూరులో పేదల ఉపాధికీ, ఇళ్లకూ పథకాలు లేవనడం సరికాదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది, వార్డు సచివాలయాలున్నాయి, జాబ్ మేళాలు జరుగుతూనే ఉన్నాయి. కుదరనివి వేళలు. పొద్దున ఆరింటికి కూలి పని కోసం అడ్డా మీద నిలబడ్డ తాపీ కూలీని ఎనిమిదిలోపు మేస్త్రీ పిలుచుకుపోతాడు. సచివాలయంలో కుర్చీలు నిండేసరికి అతను ఏ మూడో అంతస్తు స్లాబు మీదో ఉంటాడు. కాగితం కోసం వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. కాగితంలో తప్పు దొర్లితే రెండో రోజు కూలి కూడా పోతుంది. మూడోసారి వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఆ సాయం అడ్డా దగ్గరకే రావాలంటున్నాం.

దరఖాస్తులు ఆగిపోయేది అర్హత లేకపోవడం వల్లనే అనుకుంటాం. చాలాసార్లు ఆగేది ఫోన్ నంబరు దగ్గర. ప్రీపెయిడ్ సిమ్ రీచార్జి చేయక పోతుంది, కొత్తది కొంటారు, ఆధార్‌లో మాత్రం పాతదే ఉంటుంది. ఓటీపీ ఎవరి ఫోన్‌కో వెళ్తుంది. ఓటీపీ లేకపోతే వేలిముద్ర అంటారు. సిమెంటు కలిపే చేతులకూ, రోజంతా మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లకూ గీతలు అరిగిపోయి ఉంటాయి. కారం మంటకు చర్మం పొరలు లేచిన వేలిని యంత్రం మీద ఎన్నిసార్లు నొక్కినా పని జరగదు. అక్కడ కంటిపాపతో మనిషిని గుర్తించే ఐరిస్ యంత్రం ఉంటే పని అయిపోతుంది. అది లేని కేంద్రానికి ఆమెను మళ్లీ మళ్లీ తిప్పడం అన్యాయం. ఫోన్ నంబరు మార్చే పని పోస్ట్‌మన్ కూడా చేస్తారని బస్తీల్లో చాలామందికి తెలియదు.

అందుకే ముందు ఫోన్ నంబరు, తర్వాత చిరునామా, ఆ తర్వాతే పథకాలు. ఈ వరుస తప్పితే అన్నీ మొదటికొస్తాయి.

చిరునామా మరో చిక్కుముడి. అద్దె ఇంటికి కాగితం రాసివ్వడానికి యజమానులు జంకుతారు. ఇంటిపన్ను పెరుగుతుందనో, ఖాళీ చేయరనో వాళ్ల భయం. దీనికి రెండు దారులున్నాయి. ఆధార్ సంస్థ నిర్ణీత నమూనాలో ఎమ్మెల్యే గానీ, గెజిటెడ్ అధికారి గానీ, గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం నిర్వాహకులు గానీ ధ్రువీకరణ ఇవ్వొచ్చు. సంతకం, ముద్ర ఫొటో మీద కొంత, కాగితం మీద కొంత పడాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. తేదీ వేయకపోవడం, ముద్ర ఫొటోను తాకకపోవడం వల్లే ఎక్కువగా తిప్పి పంపుతారు. ఇక రెండోది, 2023 జనవరి నుంచి ఉన్న కుటుంబ పెద్ద పద్ధతి. భార్యాభర్తల్లో ఒకరికో, తల్లిదండ్రులకో సరైన చిరునామా ఉంటే దాన్నే మిగతావారికి మార్చుకోవచ్చు. కుటుంబ పెద్ద ఆన్‌లైన్‌లో 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు ఒకటి ఉంటుందని చెప్పేవారు లేక గడువు దాటిపోతుంది.

అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డుకు వయసు 16 నుంచి 59. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మిక బీమా) ఉన్నవారికి ఇవ్వరు. భవన నిర్మాణ కార్మికుడిగా నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి ఉండాలి. ఈ రెండూ ఒకటేననుకుని ఒకదానితో సరిపెట్టుకునేవారే ఎక్కువ.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులకు ఏజెన్సీల్లో చేరేవారికి ఒక మాట. పాత పీఎఫ్ నంబరు ఉంటే మొదటి రోజే చెప్పండి. కొత్తది తీస్తే పాత డబ్బు చిక్కుకుపోతుంది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటే ముందే సరిచేయించుకోవాలి. జీతం 21 వేల లోపు ఉండి, పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి. జీతంలో పీఎఫ్ కోత పడుతుంటే రెండు నెలల తర్వాత పాస్‌బుక్ చూసుకోండి. కోసినదంతా జమ అయిందని నమ్మకండి.

ఇళ్ల విషయంలో తప్పుదారి పట్టించే సలహాలే ఎక్కువ. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ 2.0లో పేద వర్గానికి కుటుంబ వార్షికాదాయం 3 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో గృహ పథకం లబ్ధి పొంది ఉండకూడదు. సొంత స్థలంలో కట్టుకునే విభాగం స్థలం ఉన్నవారికే. అద్దె ఇంట్లో ఉంటూ సెంటు జాగా లేనివారితో దానికి దరఖాస్తు పెట్టించి నెలలు గడిపించడం ఏం న్యాయం? వాళ్లకు కావాల్సింది భాగస్వామ్యంలో కట్టించి ఇచ్చే ఇళ్లు, అద్దె ఇళ్ల విభాగాలు.

ఇల్లు వచ్చాకా పని సంగతి వదలడానికి లేదు. అడవితక్కెళ్లపాడులో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఇల్లు తీసుకున్న కుటుంబానికి బ్యాంకు వాయిదా ఉంటే అది ప్రతి నెలా కట్టాలి. మిర్చి యార్డు మాత్రం సంక్రాంతి దాటాక నిండి, ఎండాకాలం సెలవులతో ఖాళీ అవుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీకి ఆ ఖాళీ నెలల్లో వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది? 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, రేపు ఇంకో రుణం పుట్టదు. ఇల్లు కేటాయించే రోజే ఆ ఇంట్లో ఎవరు ఏ నెలల్లో ఏ పని చేస్తారో రాసుకుని, ఖాళీ నెలలకు మెప్మా వేరే పని చూపాలి. రాష్ట్ర ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితమే. తొలి బస్సు పొద్దున ఆరింటికి ముందు రాకపోతే అడ్డా పనికి అది అక్కరకు రాదు.

మేం కోరేది ఇది. ప్రతి అడ్డాలో వారానికి రెండు రోజులు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, బస్తీలో సాయంత్రం ఆరు తర్వాత ఒక బల్ల వేయాలి. సచివాలయ ఉద్యోగి, మెప్మా రిసోర్స్ పర్సన్, ఐరిస్ యంత్రంతో ఆధార్ ఆపరేటర్, ఈ ముగ్గురు చాలు. పక్కన ఒక పుస్తకం ఉండాలి. ఏ దరఖాస్తు ఏ కారణంతో ఆగిందో అందులో తెలుగులో రాసి, ఆ మనిషి ముందే చదివి వినిపించాలి. వారం వారం ఆ పుస్తకం మెప్మా ప్రాజెక్టు డైరెక్టర్ చూడాలి. ముందు ఒక్క అడ్డాలో నెల రోజులు పెట్టమని నగరపాలక కమిషనర్‌ను కోరుతున్నాం.

— బస్తీ సేవా కార్యకర్తలు,
గుంటూరు