బంపర్ ఒక్కసారే విప్పుదాం

స్పోర్ట్స్ కార్లు బాగుచేసే మా షెడ్డుకు బండ్లు ఇచ్చే మీ అందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక పోర్షా బాక్‌స్టర్ వచ్చింది. 987 అని పిలిచే తరం, 2007 మోడల్. ఏసీ చల్లగా రావట్లేదన్నారు. చూస్తే గ్యాస్ సగం లేదు. ముందు బంపర్ విప్పాం. ఈ బండికి ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది గానీ రేడియేటర్లు ముందు మూలల్లో, బంపర్‌లో గాలి పోయే సందుల వెనక ఉంటాయి. వాటి ముందు ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్లు. కుడి పక్క సందులో చెయ్యి పెడితే గుప్పెడు కానుగాకు, ఒక పాన్ మసాలా ప్యాకెట్, మట్టి వచ్చాయి. ఆకు వానకు నాని, ఎండకు ఎండి, మళ్లీ నాని నల్లటి ముద్దయింది. ఆ ముద్ద ఊడదీస్తే దాని వెనక కండెన్సర్ రేకులు వేలికి పిండిలా రాలాయి.

ఆ బంపర్‌ను ఎనిమిది నెలల కింద విప్పింది మేమే. స్పీడు బ్రేకరుకు గీసుకుంటే పెయింటు కోసం విప్పాం. ఆకులు అప్పుడూ అక్కడే ఉండి ఉంటాయి. మా కళ్లు పెయింటు మీదే ఉన్నాయి, ఎవరూ లోపలికి చూడలేదు. ఒక మెత్తటి బ్రష్షు, కొంచెం గాలి, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు... ఇరవై నిమిషాల పని. అది చేయనందుకు ఆయనకు కొత్త కండెన్సర్ పడింది. విప్పి బిగించిన లేబర్, గ్యాస్ ఖర్చు మేం పెట్టుకున్నాం, కండెన్సర్ డబ్బు ఆయన ఇచ్చారు. అది కూడా సగం మేమే భరించాల్సింది అని నాకు అనిపించింది. వచ్చే సర్వీసులో ఆ సగం తగ్గిస్తానని ఆయనకు చెప్పాను.

ఆ రాత్రి పాత బిల్లుల ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాను. స్పోర్ట్స్ కారు మెయింటెనెన్స్ భరించలేకపోతున్నామని మీలో చాలామంది అంటారు. ఆయిల్ ఖరీదనీ, స్పేర్లు ఖరీదనీ నేనూ అదే పాట పాడుతూ వచ్చాను. బిల్లులు చూస్తే కనిపించింది వేరు. ఒకే చోటును రెండుసార్లు, మూడుసార్లు విప్పిన లేబరే ఎక్కువ ఉంది. మార్చిలో చక్రాలు ఊడదీసి బ్రేక్ ప్యాడ్లు, జూన్‌లో మళ్లీ ఊడదీసి బ్రేక్ ఫ్లూయిడ్, సెప్టెంబరులో మళ్లీ ఊడదీసి సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు. మూడుసార్లూ లేబర్ వేశాం.

అందుకే ఇకనుంచి పద్ధతి మారుస్తున్నాం. ఏ పనికి బండి వచ్చినా, ఆ విప్పిన చోట ఇంకేం పనులు దగ్గర్లో ఉన్నాయో చూసి, విప్పి ఉండగానే మీకు ఫోన్ చేస్తాం. బంపర్ విప్పితే రేడియేటర్లు, కండెన్సర్లు శుభ్రం చేయడం అందులో కలిసినట్టే, దానికి విడిగా డబ్బు తీసుకోం. చక్రం ఊడితే ప్యాడు మందం, డిస్కు మందం కొలిచి మీకు రాసిస్తాం. డిస్కు మీద కనీస మందం ఎంతో కంపెనీ అచ్చు వేసే ఉంటుంది, మీరే సరిచూసుకోవచ్చు. ప్యాడు అరిగిపోయిందని చెప్పే వేర్ సెన్సర్ గురించీ చెప్పాలి. డ్యాష్‌బోర్డులో దాని లైటు వెలిగిందంటే సెన్సర్ అరిగి తెగినట్టే, కొత్తది కొనాల్సిందే. లైటు వెలగకముందే ప్యాడ్లు మారిస్తే పాత సెన్సర్లనే జాగ్రత్తగా తీసి మళ్లీ పెట్టొచ్చు. చిన్న వస్తువే, కానీ నాలుగు చక్రాలకు లెక్క వేసుకోండి.

మా 'వార్షిక ప్యాకేజీ' కూడా ఎత్తేస్తున్నాను. దాన్ని మొదలుపెట్టిందీ నేనే. అందులో ఇంజిన్ ఫ్లష్ (ఆయిల్ మార్చేముందు లోపలి మురికి కడిగే మందు), ఇంజెక్టర్ క్లీనర్, ఏటా ఎయిర్ ఫిల్టర్, ఏటా క్యాబిన్ ఫిల్టర్ ఉండేవి. మీలో చాలామంది బండి ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. అప్పుడప్పుడు ఆదివారం పొద్దున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కొంత దూరం, ఎప్పుడైనా వికారాబాద్. అలాంటి బండికి ఏటా కొత్త ఎయిర్ ఫిల్టర్ అక్కర్లేదు, తీసి చూసి దులిపి పెడితే చాలు. ఆయిల్ ఏడాదికోసారి మారుస్తుంటే ఫ్లష్ అవసరమే లేదు. గత 12 నెలల్లో ఫ్లష్‌కు, ఇంజెక్టర్ క్లీనర్‌కు డబ్బు కట్టినవాళ్లకు వచ్చే బిల్లులో ఆ మొత్తం తగ్గిస్తాం. మీరు అడగక్కర్లేదు, మా దగ్గర లిస్టు ఉంది.

ఆయిల్ సంగతి. బాక్‌స్టర్‌కు, దాని టాప్ తెరుచుకోని జోడీ కేమన్‌కు సుమారు ఏడున్నర లీటర్లు పడుతుంది. 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 5.0 వీ8కూ దాదాపు అంతే, 7.6 లీటర్లు. అయితే దానిది 5డబ్ల్యూ-20 గ్రేడు (ఆయిల్ చిక్కదనం), పోర్షాది వేరే, రెండూ కలపకూడదు. డబ్బాలేమో నాలుగు, ఐదు లీటర్లవి. ఇన్నాళ్లూ రెండు డబ్బాలు బిల్లులో వేసేవాళ్లం, మిగిలింది షెడ్డులో ఉండిపోయేది. ఇప్పుడు పోర్షా ఏ40 అప్రూవల్ (తన ఇంజిన్లకు పనికొస్తుందని పోర్షా ఇచ్చే ఆమోదం) ఉన్న ఆయిల్‌ను 60 లీటర్ల డ్రమ్ముల్లో తెప్పిస్తున్నాం. ఎంత పోస్తే అంతకే బిల్లు. డ్రమ్ము సీలు చూడాలనుకుంటే వచ్చి చూడండి, మీ ముందే కొలిచి పోస్తాం. డబ్బా మీరే తెచ్చుకున్నా పోస్తాం. డబ్బా వెనక ఆ అప్రూవల్ పేరు రాసి ఉండాలి, సీలు సరిగ్గా ఉండాలి, అంతే. సగం ధరకు దొరికిందని ఊరూ పేరూ లేని చోట కొన్నది మాత్రం పోయను, ఏమీ అనుకోకండి.

ఆయిల్ ఫిల్టర్ పోర్షా డబ్బాలో వచ్చినా, మాలే కంపెనీ డబ్బాలో వచ్చినా తయారుచేసేది మాలేనే అయిన మోడళ్లు ఉన్నాయి. అలాంటి చోట మాలే డబ్బాదే వేస్తాం, తేడా మీకే మిగులుతుంది. పాత ఫిల్టర్‌ను మాత్రం ఇకమీదట పారేయం. మడతలు కోసి, పరిచి, ఫొటో తీసి మీకు పంపుతాం. ముఖ్యంగా 2008 వరకు వచ్చిన 987 బండ్లవాళ్లు ఆ ఫొటో తప్పకుండా చూడండి. ఆ ఇంజిన్లలో ఐఎంఎస్ బేరింగు, అంటే లోపలి మధ్య షాఫ్టును (ఇంటర్మీడియట్ షాఫ్ట్) మోసే బేరింగు ఉంటుంది. 2006 తర్వాతి వాటిలో చాలావరకు ఇంజిన్‌ను రెండుగా విడదీస్తే తప్ప ఆ బేరింగు బయటికి రాదు. అది పాడవడం మొదలైతే ఫిల్టర్ మడతల్లో మెరిసే లోహపు తునకలు కనిపిస్తాయి. అప్పుడే బండి ఆపితే ఇంజిన్ బతికే అవకాశం ఉంది. 2009 నుంచి వచ్చిన ఇంజిన్లలో ఆ బేరింగే లేదు, కాబట్టి ఆ మోడళ్లవాళ్లు దీని గురించి కంగారు పడకండి.

ఇప్పుడు, ఎంత అడిగినా తగ్గించనివి. ఒకటి బ్రేక్ ఫ్లూయిడ్. బండి తిరిగినా తిరగకపోయినా అది గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 155కు దిగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి ప్రాణం పోయినంత పనైందని మన కస్టమరు ఒకాయన బండి తెచ్చారు. ప్యాడ్లు కొత్తవే, డిస్కులు బాగున్నాయి. ఫ్లూయిడ్ మార్చి నాలుగేళ్లయింది. తీస్తే టీ డికాషన్ రంగులో ఉంది. రెండేళ్లకోసారి మార్చాల్సిందే, ఇందులో బేరం పెట్టకండి. రెండోది టైర్లు. గాడులు లోతుగా కనిపిస్తున్నాయని పాత టైర్లతో తిరగకండి. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. ఆ అంకెలు ఈ రోజే ఒకసారి చూసుకోండి.

మీరు ఇంట్లోనే చేసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి, వాటికి నాకు డబ్బు ఇవ్వకండి. సెల్లార్‌లో నెలలు నిలబెట్టే బండికి ట్రికిల్ ఛార్జర్ (బ్యాటరీకి మెల్లగా కరెంటు ఎక్కిస్తూ ఉండేది) పెట్టండి. బాక్‌స్టర్, కేమన్‌లకు బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. 987లో ఆ డిక్కీ తెరుచుకోవాలంటేనే కరెంటు కావాలి, అందుకే బ్యాటరీ దిగిపోతే చాలామంది టోయింగ్ బండిని పిలుస్తారు. అవసరం లేదు. కాళ్ల దగ్గర ఫ్యూజు పెట్టెలో ఎర్ర టెర్మినల్ ఒకటి బయటికి లాగితే వస్తుంది. దానికి ఇంకో బ్యాటరీ పాజిటివ్, డోరు లాక్ పట్టుకునే ఇనుప కొక్కానికి నెగటివ్ తగిలిస్తే తాళంచెవి బటన్‌తోనే డిక్కీ తెరుచుకుంటుంది. చేయి వణుకుతుంటే వీడియో కాల్ చేయండి, పక్కనుండి చేయిస్తాను, ఛార్జీ లేదు. టాప్ లేచే బాక్‌స్టర్‌వాళ్లు వానాకాలం ముందు టాప్ సగం తెరిచి, రెండు మూలల్లో నీళ్లు పోయే రంధ్రాల్లో ఆకులు ఏరేయండి. అవి మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి, ఆ తర్వాత వైరింగు పనికి అయ్యే ఖర్చు చెప్పాలంటే నాకే నోరు రాదు.

ఇక ధరలు. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ల మీద, టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు మీ బిల్లుల్లో వచ్చింది, వస్తుంది. ఆయిల్ మీద ముందునుంచీ 18 శాతమే, అందులో తేడా ఉండదు. లేబర్ మాత్రం వచ్చే నెల నుంచి గంటకు 900 నుంచి 1,100 చేస్తున్నాను. పనిచేసే ముగ్గురికీ జీతాలు పెంచాలి. ప్యాకేజీ తీసేశాక ఆ డబ్బు రావాల్సింది అక్కడినుంచే. గంట ధర పెరిగినా విప్పే గంటలు తగ్గుతాయి కాబట్టి ఏడాది మొత్తంలో మీకు తక్కువే పడాలి. పడకపోతే బిల్లులు పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.

మస్టాంగ్‌వాళ్లకు ఒక మాట. స్పేర్లు బయటి దేశం నుంచే రావాలి. ఒక్క ఫిల్టర్ తెప్పించినా, పది తెప్పించినా కొరియర్ ఛార్జీలో పెద్ద తేడా ఉండటం లేదు. ఈ నెల 20లోపు మీకేం కావాలో పంపితే అందరిదీ కలిపి ఒకే ఆర్డరు పెడతాను, ఛార్జీ బండ్ల లెక్కన పంచుకుందాం. ఇప్పటికి నలుగురు పేర్లు ఇచ్చారు.